చిల్లర నిమిషాలు కూడినా ఎందుకు కలవలేదు: ఒక ల్యాబ్ టెక్నీషియన్ కేసు

పని మధ్యలో దొరికే గ్యాప్‌లను చిన్న చిన్న పనులతో నింపుకోమన్న నా సలహా వల్ల మొదటి నెలంతా ఈ క్లయింటు పరిస్థితి కాస్త దిగజారింది. తప్పు ఎక్కడుందో కనిపెట్టడానికి నాకు ఇంకో పది రోజులు పట్టింది. అదే సలహా అంతకుముందు చాలామందికి ఇచ్చి ఉన్నాను కాబట్టి ఈ కేసు పూర్తిగా రాసి పెడుతున్నాను. ఆమె అనుమతి ఉంది. గుర్తుపట్టే వీలున్న వివరాలు తీసేశాను, ఒకటి రెండు మార్చాను.

నేపథ్యం

ఆమెకు నలభై దాటాయి. ఒక డయాగ్నస్టిక్ ల్యాబ్‌లో సీనియర్ టెక్నీషియన్. శాంపిల్స్ తీసుకోవడం, మిషన్ మీద పెట్టడం, రిజల్ట్ సరిచూసి పంపడం అసలు పని. మధ్యలో జూనియర్ల సందేహాలు, వార్డుల నుంచి ఫోన్లు, అయిపోవచ్చిన రీఏజెంట్ల (పరీక్షలకు వాడే రసాయనాల) లెక్క. పై గ్రేడుకు వెళ్లాలంటే రెండు పేపర్ల పరీక్ష పాసవ్వాలి. పుస్తకాలు కొని ఏడాది దాటినా గుర్తు కాగితం మొదటి చాప్టరులోనే ఉంది. ఇంటికి వెళ్తే మంచాన పడ్డ అమ్మ, పిల్లల చదువులు. రాత్రి పది తర్వాత పుస్తకం తెరిస్తే రెండో పేజీకే కళ్లు మూతలు పడతాయి.

నేను ఉద్యోగుల పని ఒత్తిడి మీద పనిచేసే సైకాలజిస్టును. నా దగ్గరకు వచ్చేవాళ్లు ఎక్కువగా నిద్ర పట్టడం లేదనో, టెన్షన్ అనో మొదలుపెడతారు. ఈమె మాత్రం లెక్కతో మొదలుపెట్టారు.

"రోజంతా ఊపిరాడదండీ. అయినా ఆ రోజులోనే ఇక్కడ ఐదు నిమిషాలు, అక్కడ పది నిమిషాలు ఊరికే పోతున్నాయి. ఫోను చూస్తూ కూర్చుంటున్నాను, తర్వాత నన్ను నేనే తిట్టుకుంటున్నాను. అవన్నీ పోగేస్తే చదువుకు సరిపోతాయి. పోగేయడం ఎలాగో చెప్పండి చాలు."

ముందు నిద్ర, ఆకలి, మనసు కుంగడం గురించి అడిగాను. సమయం చాలడం లేదని వచ్చేవాళ్లలో కొందరికి అసలు సమస్య డిప్రెషన్ అయి ఉంటుంది. అలాంటివారి చేతిలో టైమ్‌టేబుల్ పెడితే, పాటించలేకపోయామన్న బాధ ఒకటి అదనంగా చేరుతుంది. ఈమెలో ఆ లక్షణాలు కనిపించలేదు. నిద్ర ఆరు గంటలకు కాస్త అటూ ఇటూ, కానీ పడుకుంటే పట్టేస్తుంది. కాబట్టి అడిగిన సమస్యనే తీసుకోవచ్చనుకున్నాను. "పోగేయడం" అన్న మాట దగ్గర ఒక్క క్షణం ఆగి ఉండాల్సింది. ఆగలేదు.

లాగ్ పుస్తకం

ఐదు పనిదినాలు జేబులో చిన్న పుస్తకం పెట్టుకోమన్నాను. గ్యాప్ మొదలైన టైము, ముగిసిన టైము, అందులో ఏం చేశారు, దానికి ముందు ఏ పని, తర్వాత ఏ పని: ఈ ఐదు రాయాలి. చివరి రెండు గళ్లు నా ఫారంలో అలవాటుగా ఉండేవి. వాటిని నేను అప్పటిదాకా పెద్దగా చూసింది లేదు.

ల్యాబ్ పనిలో గ్యాప్‌లు వాటంతట అవే వస్తాయి. సీరం (రక్తం గడ్డకట్టాక వేరుపడే ద్రవం) కోసం తీసిన రక్తం ట్యూబులో గడ్డకట్టడానికి దాదాపు అరగంట ఆగాలి. తర్వాత ట్యూబులను గిర్రున తిప్పి సీరం వేరుచేసే సెంట్రిఫ్యూజ్‌లో పెడితే పది నిమిషాలు తిరుగుతుంది. పరీక్ష చేసే మిషన్ (ఎనలైజర్) సరిగ్గా ఉందో లేదో చూసే కంట్రోల్ నమూనాలు నడిచేటప్పుడు మరికాసేపు. ఇవి కాక, శాంపిల్స్ తెచ్చే మనిషి ఆలస్యం చేసినప్పుడు, మీటింగుకు అందరూ వచ్చేదాకా కూర్చున్నప్పుడు.

పుస్తకం వచ్చింది. రోజుకు తొమ్మిది నుంచి పన్నెండు గ్యాప్‌లు. చిన్నది మూడు నిమిషాలు, పెద్దది ముప్పై. మొత్తం రోజుకు సుమారు తొంభై ఐదు నిమిషాలు.

ఆ మొత్తం చూసి ఆమె కంటే నేనే ఎక్కువ సంబరపడ్డాను. గంటన్నర పైమాటే! బొట్టు బొట్టు కలిస్తే సముద్రం అంటారు కదా, ఇక్కడ చెరువైనా నిండదా అనుకున్నాను.

మొదటి ప్రయత్నం: నిడివిని బట్టి పనులు

మూడు జాబితాలు తయారు చేశాం: ఐదు నిమిషాల పనులు, పది నిమిషాల పనులు, అరగంట పనులు. బిల్లు కట్టడం, మెసేజ్‌కు జవాబు, రెండు పేజీలు చదవడం, ఒక లెక్క చేయడం. మొత్తం ఆమె ఫోనులోనే పెట్టాం, ఎప్పుడూ చేతిలో ఉంటుంది కదా అని. గ్యాప్ దొరకగానే దాని నిడివికి సరిపోయే పని ఒకటి ఎంచుకుని చేయాలి.

మొదటి వారం బాగానే సాగింది. రోజుకు ఎనభై నిమిషాలు "వాడాను" అని ఆమె రాసుకొచ్చారు. రెండో వారం డెబ్బై. మూడో వారం ఆమె వచ్చి కూర్చున్న తీరులోనే తేడా తెలిసింది. సాయంత్రం అలసట పదికి ఎంత అని ప్రతి వారం అడిగేవాణ్ణి. మొదట ఆరు అన్నారు. ఇప్పుడు ఎనిమిది.

దాంతోపాటు ఒక సంఘటన చెప్పారు. సెంట్రిఫ్యూజ్ తిరుగుతుండగా ఆమ్ల-క్షార సమతుల్యం చాప్టరులో బైకార్బనేట్ గురించి రెండు పేజీలు చదివారు. మిషన్ ఆగింది, ట్యూబులు ఎనలైజర్‌లోకి మార్చారు. ఒక రిజల్ట్‌లో పొటాషియం ఎక్కువగా వచ్చింది. పంపించే బటన్ మీద చెయ్యి ఉండగా పక్కనున్న జూనియర్, "మేడమ్, ఆ సీరం ఎర్రగా ఉంది కదా" అన్నాడట. ఎర్ర రక్తకణాలు చిట్లితే వాటిలోని పొటాషియం సీరంలోకి వచ్చేసి, రోగికి లేని సమస్య ఉన్నట్టు అంకె చూపిస్తుంది. ఇది ఆమెకు కంఠతా వచ్చిన విషయం. మామూలుగా ట్యూబు ఎత్తుతుండగానే రంగు కంటపడుతుంది. ఆ రోజు పడలేదు. రిజల్ట్ ఆపి, కొత్త శాంపిల్ అడిగారు. ఎవరికీ ఏమీ కాలేదు.

"చేతులు ట్యూబు మీద ఉన్నాయి, బుర్ర ఇంకా బైకార్బనేట్ దగ్గరే ఉంది" అన్నారామె.

అక్కడ జాబితా ఆపేయమన్నాను. పరీక్ష కంటే ఆ ట్యూబు ముఖ్యం. ఇందులో ఆలోచించడానికేమీ లేదు.

రెండో ప్రయత్నం, క్లుప్తంగా

లోపం ఫోనుదే అనుకున్నాను. జాబితా తెరిస్తే పైన నోటిఫికేషన్ కనిపిస్తుంది, చదువు కాస్తా వీడియో అవుతుంది. అందుకని ఫోను లాకర్లో పెట్టి, కాగితం మీద జాబితా రాసుకోమన్నాను. నాలుగు రోజులు నడిచింది. ఐదో రోజు ఇంట్లో అమ్మకు బాగోలేదు, ఫోను చేతిలో ఉండక తప్పలేదు. ఇంటి బాధ్యత ఉన్న మనిషికి ఫోను దూరంగా పెట్టమని చెప్పడం నాకు తేలిక, ఆమెకు కాదు. పైగా ఆ నాలుగు రోజుల్లోనూ అలసట ఎనిమిది దగ్గరే ఉంది. ఫోను చిరాకు పెట్టిన మాట నిజమే గానీ అసలు కారణం వేరే చోట ఉందని దాంతో తేలింది.

మళ్లీ పుస్తకం ముందు

మొదటి ఐదు రోజుల లాగ్ మళ్లీ తీశాను. ఈసారి నిమిషాల గడి మీద కాగితం పెట్టి మూసి, "ముందు", "తర్వాత" గళ్లు మాత్రమే చదివాను. పేజీ మొత్తం వేరేగా కనిపించింది.

సెంట్రిఫ్యూజ్ పది నిమిషాలు, మీటింగు ముందు పది నిమిషాలు నా జాబితాలో ఒకే వరసలో ఉన్నాయి. కానీ సెంట్రిఫ్యూజ్ తిరుగుతున్నప్పుడు పని ముగియలేదు, సగంలో ఆగింది. ఆ ట్యూబులు, వాటి వరస, ఏది అర్జెంటు అన్నది బుర్రలో పట్టుకునే ఉండాలి. మీటింగు ముందు అలా కాదు. చేతిలో పని అయిపోయింది, కొత్తది మొదలవలేదు. కాకపోతే ఎప్పుడు పిలుస్తారో తెలియదు. ఇక మధ్యాహ్నం చివరి బ్యాచ్ గడ్డకట్టే అరగంట ఉంది. పొద్దున ఆ అరగంటలో ఇంకో బ్యాచ్ వచ్చి పడుతుంది. మధ్యాహ్నం రాదు. ట్యూబులన్నీ స్టాండులో ఉంటాయి, టైమరు పెట్టి ఉంటుంది, పట్టించుకోవాల్సింది ఏదీ మిగలదు.

ఒక పని వదిలి ఇంకో పనికి వెళ్లినప్పుడు ధ్యాసలో కొంత పాత పని దగ్గరే ఉండిపోతుందని సోఫీ లెరాయ్ అనే పరిశోధకురాలు 2009లో చూపించారు. ఇది నాకు తెలిసిన విషయమే, క్లయింట్లకు చెప్పే విషయమే. అయినా నా జాబితా ఆమె చేత రోజుకు పది సార్లు అటూ, పది సార్లు ఇటూ ధ్యాస మార్పించింది. తొంభై ఐదు నిమిషాలను ఒకే మొత్తంగా లెక్కేశాను, మార్పిడికి పోయే ఖర్చు లెక్కలోకి తీసుకోలేదు.

ఇంకొకటి కూడా కనిపించింది. "ఏం చేశారు" అన్న గడిలో రోజూ రెండు మూడు చోట్ల "ఏమీ లేదు", "కిటికీ దగ్గర", "జూనియర్‌తో కబుర్లు" అని ఉంది. నేను వాటిని వృథా కింద వేశాను. కానీ అవి ఆమెకున్న కాస్త విశ్రాంతి. వాటిని కూడా పనితో నింపేశాం, అలసట ఎనిమిదికి చేరింది. పది నిమిషాలకు మించని విరామాల మీద వచ్చిన ప్రయోగాలను కలిపి 2022లో చేసిన ఒక విశ్లేషణ ప్రకారం, అలాంటి విరామాలు అలసటను తగ్గిస్తాయి, హుషారు పెంచుతాయి. పని నాణ్యత మీద మాత్రం అంత స్పష్టమైన ప్రభావం కనిపించలేదు. నాకు ఆ మొదటి సగం చాలు. ఆమెకు కావాల్సింది అదే.

కుదిరిన పద్ధతి

ఆమెతో కూర్చుని గ్యాప్‌లకు పేర్లు పెట్టాం. పేర్లు ఆమెవే: "కట్టు గ్యాప్", "అరువు గ్యాప్", "సొంత గ్యాప్". మిషన్‌కు కట్టేసి ఉంచేది కట్టు గ్యాప్. ఎవరో ఆలస్యం చేస్తే దొరికేది, ఎప్పుడైనా వెనక్కి లాక్కునేది అరువు గ్యాప్. మధ్యాహ్నం అరగంట సొంతం.

కట్టు గ్యాప్‌లో చదువు వద్దన్నాను. బదులుగా ఒక్క పని చెప్పాను. సెంట్రిఫ్యూజ్ మూత వేయగానే, అది ఆగాక చేయాల్సిన మొదటి పని ఏమిటో ఒక్క వాక్యం రాయాలి. "7 నుంచి 12 ముందు పెట్టాలి, 9 రంగు చూడాలి" లాంటిది. ఆగిన పనికి తిరిగి వచ్చాక ఏం చేయాలో ముందే రాసి పెట్టుకుంటే మధ్యలో చేసే పని మీద ధ్యాస నిలుస్తుందని లెరాయ్, థెరీసా గ్లోంబ్ 2018లో రాశారు. దాన్ని నేను కాస్త తిప్పి వాడుకున్నాను. మధ్యలో ఇంకో పని చేయించడం నా ఉద్దేశం కాదు. ఆ వాక్యం రాశాక మిగిలిన తొమ్మిది నిమిషాలు ఆమె నిజంగా తీరిగ్గా ఉండగలగాలి. వార్డు ఫోనుకు జవాబివ్వడం, రీఏజెంటు లెక్క చూడటం లాంటి ల్యాబ్ పనులు మాత్రం ఆ టైములో చేసుకోవచ్చన్నాను, ఎందుకంటే వాటికి బుర్ర వేరే లోకంలోకి వెళ్లనక్కర్లేదు.

అరువు గ్యాప్‌కు నియమం: మధ్యలో ఎక్కడ వదిలేసినా నష్టం లేనిదే చేయాలి. దీనికి కార్డులు ఎంచుకున్నాం. ఒకవైపు ప్రశ్న, వెనక జవాబు, జేబులో పన్నెండు కార్డులు. మూడు చూసేసరికి పిలిచారా, మూడు అయ్యాయి అంతే. కార్డులే ఎందుకంటే, ఒకేసారి బట్టీ పట్టడం కంటే రోజుల తరబడి విడివిడిగా తిరగేస్తేనే బాగా గుర్తుంటుంది. జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త హెర్మన్ ఎబింగ్‌హాస్ తన మీదే ప్రయోగాలు చేసుకుని 1885లో ప్రచురించిన పుస్తకం నాటి నుంచీ ఇది పదే పదే రుజువవుతూ వచ్చింది. చిల్లర నిమిషాలు నిజంగా పనికొచ్చే చదువు ఇదొక్కటే అని ఇప్పుడు నా అభిప్రాయం. కొత్త పాఠం చదవడానికి అవి పనికిరావు. చదివిన పాఠాన్ని తిరగేయడానికి బ్రహ్మాండంగా పనికొస్తాయి.

కొత్త పాఠమంతా ఆ ఒక్క సొంత అరగంటలోనే. ఇక్కడ ఆమెతో కాస్త వాదన నడిచింది. "రోజుకు ఇరవై ఐదు నిమిషాలతో ఏమవుతుందండీ? పోయిన నెల డెబ్బై చదివాను కదా" అన్నారు. ఆ డెబ్బైలో ఎన్ని పేజీలు అయ్యాయని అడిగాను. పుస్తకం తెచ్చుకున్నారు, తిరగేశారు. మూడు వారాల్లో పద్దెనిమిది పేజీలు. అందులో ఐదు రెండుసార్లు చదివినవి, ఎక్కడ ఆపారో గుర్తులేక. ఆ తర్వాత వాదన లేదు.

అరగంటలో చివరి ఐదు నిమిషాలు పుస్తకం మూసి ఊరికే కూర్చోమన్నాను. జ్ఞాపకశక్తి మీద పరిశోధన చేసే మికేలా డెవర్ బృందం 2012లో పెద్ద వయసువారికి చిన్న కథలు వినిపించి, ఒక కథ తర్వాత పది నిమిషాలు కదిలించకుండా కూర్చోబెట్టింది, ఇంకో కథ తర్వాత బొమ్మల్లో తేడాలు కనిపెట్టే ఆట ఇచ్చింది. ఊరికే కూర్చున్నప్పటి కథ వారం తర్వాత కూడా బాగా గుర్తుంది. మా ల్యాబ్ అరగంటలో పది ఇవ్వడం కుదరదు. ఐదుకు అదే ఫలితం వస్తుందని ఆ ప్రయోగం చెప్పదు. అయినా ట్యూబుల దగ్గరకు తిరిగి వెళ్లే ముందు బుర్ర కాస్త ఖాళీ కావడానికైనా అది అవసరమనిపించింది.

ఇవన్నీ "వీలు చూసుకుని చేస్తాను" అనే రూపంలో వదల్లేదు. "మూత పడగానే వాక్యం రాస్తాను", "మీటింగు కుర్చీలో కూర్చోగానే జేబులో చెయ్యి పెడతాను", "చివరి ట్యూబు స్టాండులో పెట్టగానే కుర్చీ గోడవైపు తిప్పుతాను" అని రాయించాను. ఫలానాది జరిగితే ఫలానాది చేస్తాను అని ముందే కట్టుకున్న సంకల్పం ఉత్త సంకల్పం కంటే ఎక్కువగా అమలవుతుందని మనస్తత్వ శాస్త్రవేత్త పీటర్ గోల్విట్జర్ చూపించారు. 2006లో ఆయన, మరో పరిశోధకుడు పాస్కల్ షీరన్ కలిసి 94 పరిశీలనలను ఒకచోట పెట్టి చూసినా అదే వచ్చింది. ఆమె విషయంలో దీని అసలు లాభం వేరు. ఏం చేయాలో ఎంచుకునే పని పోయింది. మొదటి నెల ప్రతి గ్యాప్‌లోనూ మొదటి రెండు నిమిషాలు జాబితాలో వెతకడానికే పోయేవి. ఐదు నిమిషాల గ్యాప్‌లో అది దాదాపు సగం.

అన్నిటికంటే కష్టమైంది కట్టు గ్యాప్‌లో ఊరికే ఉండటం. "దొంగతనం చేస్తున్నట్టుంది" అన్నారు రెండో వారంలో. ఇది ఆమె ఒక్కరి బలహీనత కాదని చెప్పడానికి 2014లో వచ్చిన ఒక ప్రయోగం గురించి చెప్పాను. మనుషులను ఒంటరిగా గదిలో కాసేపు కూర్చోబెట్టి, తమ ఆలోచనలతో గడపమన్నారు. కావాలంటే చిన్న కరెంటు షాక్ ఇచ్చుకునే బటన్ ఒకటి పెట్టారు. మగవాళ్లలో 18 మందికి 12 మంది, ఆడవాళ్లలో 24 మందికి ఆరుగురు కనీసం ఒకసారి ఆ బటన్ నొక్కుకున్నారు. ఆమె చాలాసేపు నవ్వారు. మగవాళ్ల అంకె గురించి ఇంట్లో చెప్పుకుంటానన్నారు.

ఫలితం

తొమ్మిది వారాలు చూశాను. చదువుకు వాడిన సమయం రోజుకు సగటున ముప్పై ఐదు, నలభై నిమిషాల మధ్య. అంటే మొదటి నెలలో సగమే. పేజీలు మాత్రం వారానికి ఆరు నుంచి పదిహేను దాకా పెరిగాయి. సాయంత్రం అలసట ఐదుకు దిగింది. రిజల్ట్ పంపే ముందు ఆగాల్సి వచ్చిన సందర్భం మళ్లీ రాలేదు. అయితే తొమ్మిది వారాలు దానికి చాలా చిన్న కాలం.

మొత్తం నా పద్ధతి ఖాతాలో వేసుకోలేను. ఆరో వారంలో వాళ్ల సెక్షన్‌కు ఒక కొత్త మనిషి వచ్చాడు, ఫోన్లు చాలావరకు అతని మీదికి వెళ్లాయి. అలసట తగ్గడంలో అతని వాటా ఎంతో విడదీసి చెప్పడం కుదరదు. ఐదో వారంలోనే ఆరుకు వచ్చిందన్నది మాత్రం లాగ్‌లో ఉంది.

పరీక్ష విషయానికొస్తే, రెండు పేపర్లు ఒకేసారి రాయాలన్నది ఆమె మొదటి పట్టు. ఏడో వారంలో ఆమె వేగంతో లెక్క వేసి, ఒక పేపరుకే సిలబస్ పూర్తవుతుందని చూపించాను. ఉన్న గ్యాప్‌లు రెండింటికీ సరిపోవు. సరిపోతాయని నమ్మబలికితే మళ్లీ కట్టు గ్యాప్‌లోకి పుస్తకం వచ్చి చేరుతుంది. రెండు రోజులు అలిగినట్టున్నారు, ఫోను చేయలేదు. తర్వాత ఒక పేపరుకే ఫీజు కట్టారు, పాసయ్యారు. రెండోది మరుసటి విడతకు.

ఈ కేసు తర్వాత మార్చుకున్నవి

ఒకప్పుడు గ్యాప్ ఎంతసేపని అడిగేవాణ్ణి. ఇప్పుడు మొదట అడిగేది, ఆ గ్యాప్‌కు ముందు పని ముగిసిందా, ఆగిందా అని. ఆగినదైతే అందులో సొంత పని ఏదీ పెట్టను. మనుషుల ప్రాణాలతో, యంత్రాలతో, డబ్బు లెక్కలతో పనిచేసేవాళ్లయితే అసలే పెట్టను. ఈ నియమం అందరికీ వర్తిస్తుందని అనను. ఆగిన పని తేలికదైతే, పొరపాటు జరిగినా దిద్దుకోవచ్చు అనుకుంటే కాస్త సడలించవచ్చు. రోజంతా కుర్చీలో రాతపని చేసుకునే ఒకాయనకు ఇదే పద్ధతి చెబితే మూడు రకాల పేర్లూ అనవసరమయ్యాయి. ఆయనకు అన్నీ అరువు గ్యాపులే.

లాగ్‌లో "ఏమీ లేదు" అని కనిపిస్తే, అది రోజుకు రెండు మూడుసార్లకు మించనంతవరకు దాని జోలికి పోవడం లేదు.

ఫారం కూడా మార్చాను. "ముందు", "తర్వాత" గళ్లు మొదటికి వచ్చాయి. అడుగున ఉండే "మొత్తం నిమిషాలు" గడి తీసేశాను. అయినా చాలామంది మార్జిన్‌లో పెన్సిల్‌తో కూడుకుని మరీ తెస్తారు.